తాడు పట్టినవాణ్ణి పిలవకూడదు

"ఆపండి మోయిన్ గారూ, నమిలేస్తంది! ఆపండి!"

గోపిక అరిచేటప్పటికే కెమెరా కడుపులో కరకర మొదలైంది. టీవీ మీద ఊగుతున్న చారలు పోయి తెరంతా నీలం రంగు పరుచుకుంది. మోయిన్ కెమెరా పక్కనున్న బటన్ నొక్కాడు. మూత తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాడు. లోపల మోటారు ఒకసారి మూలిగి ఆగిపోయింది.

"బల్ల కదిలించబాకండి," అన్నాడు మోయిన్. నుదుటి మీద చెమట పట్టింది. "ఎవురూ కదలబాకండి."

బ్యాటరీ పీకి పక్కన పెట్టాడు. చిన్న స్క్రూడ్రైవర్‌తో మూత అంచు లేపి, టార్చి నోట కరుచుకుని లోపలికి తొంగి చూశాడు. సన్నటి నల్ల టేపు క్యాసెట్‌లోంచి బయటికొచ్చి, గుండ్రటి ఇనప డ్రమ్ముకి చుట్టుకుని ఉంది. ఒక అంచు పళ్ల చక్రంలో ఇరుక్కుంది.

"తెగిందా?" అంది గోపిక.

నోట్లో టార్చి ఉంది.

"తెగితే తెగిందని చెప్పండి."

మోయిన్ టార్చి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "తెగలా. లాగితే తెగుద్ది."

వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వంశీ ఫోన్‌లోంచి తలెత్తాడు. "అక్కా, నేను బయల్దేరనా? ఇది అయ్యేట్టు లేదు."

"కూచో వంశీ. నువ్వు లేకుండా ఇది ఆడితే, రేపు మీ పెదనాన్న టేపు మార్చామంటాడు."

వంశీ కూర్చున్నాడు. ప్రభ కమిటీకి అతను సెక్రటరీ. ఊరి పెద్ద మస్తాన్‌రావుకి తమ్ముడి కొడుకు. సాక్షిగా రమ్మని పట్టుబట్టి పిలిపించింది గోపికే.

రావిగుంటపాలెం ప్రభ కాలవ కట్ట మీద కూలి ఇరవై రెండేళ్లయింది, తర్వాత మళ్లీ లేవలేదు. ఈ శివరాత్రికి మళ్లీ కోటప్పకొండకి ప్రభ కట్టాలని ఊళ్లో కుర్రాళ్లు కమిటీ వేశారు. అది తెలిసిన రోజు గోపిక తండ్రి ఈశ్వరయ్య ఉతికిన చొక్కా వేసుకుని కమిటీ ముందు నిలబడ్డాడు. ప్రభని ఒరగకుండా పట్టే మోకులు పేనే పని తనకిమ్మని అడిగాడు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం గోపిక పుట్టాక వినడం అదే మొదటిసారి. కూలి డబ్బు కూడా ఇచ్చినప్పుడు పుచ్చుకునే మనిషి.

మస్తాన్‌రావు మంచం మీదనుంచి లేవకుండానే చెప్పాడు. "తాడొదిలినోడి చెయ్యి మళ్లీ ఈ ఊరి ప్రభ మీద పడగూడదు."

ఆదివారం మీటింగులో ఆ మాట ఖాయం చేస్తారు. ఈలోపు, ప్రభ కూలిన రోజు తీసిన ఈ టేపు ఆడాలి.

మోయిన్ స్టూడియో నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఉంది. పెళ్లి ఆల్బములు, పాస్‌పోర్టు ఫొటోలు, పెద్దకర్మ ఫ్లెక్సీలు. పాత క్యాసెట్ల పని మానేసి చాలా కాలమైంది. గోపిక తెచ్చిన అరచేతంత క్యాసెట్‌ని చూసి, దీన్ని పెద్ద క్యాసెట్టంత డొల్లలో పెట్టి వీసీఆర్‌లోకి తోసేస్తే చాలని ధీమాగా చెప్పాడు. తీరా డొల్ల వెతికి తెస్తే క్యాసెట్ అందులో కూర్చోలేదు. ఆ డొల్ల వేరే రకం చిన్న క్యాసెట్‌కి చేసింది. "ఏ రకం కెమెరాలో తీశారో ఆ రకం కెమెరాలోనే ఆడాలమ్మా, ఇంకో దోవ లేదు," అని అప్పుడు ఒప్పుకున్నాడు. అలాంటి కెమెరా మాచర్లలో అతని పిన్ని కొడుకు ఇంటి అటక మీద దొరికింది. దాన్ని టీవీకి కలిపే వైరు మాత్రం దొరకలేదు. మోయిన్ తన దగ్గరున్న వైర్లలో ఆ కన్నంలో పట్టేది ఒకటి తీసి తగిలించాడు. పట్టింది కాబట్టి సరిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు అగ్గిపుల్ల కొనతో పళ్ల చక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పుతున్నాడు. టేపు వెంట్రుకవాసి జరిగింది. మళ్లీ తిప్పాడు. గోపిక తన వేలితో టేపు చుట్టని కిందకి జారకుండా ఆపింది. చివరికి క్యాసెట్ బయటికొచ్చింది. ముడతలు పడిన ముక్కని మోయిన్ కళ్లద్దాలు తుడిచే గుడ్డ మీద పరిచి బొటనవేలితో సాపు చేశాడు.

"ఈ ముడత కాడ బొమ్మ ఆగం ఆగం వస్తది. తర్వాత బాగుంటది, అల్లా దయ."

ఈసారి కెమెరా నమలలేదు. టీవీ మీద చారలు వచ్చాయి, ఊగాయి, విడిపోయాయి. సాగర్ కాలవ కట్ట కనిపించింది.

స్పీకర్లలోంచి బుర్రుమని మోత తప్ప ఏమీ రాలేదు. "సౌండు పోయింది. పాత టేపు గదా," అన్నాడు మోయిన్.

గోపిక వినడం లేదు. తెర మీద తాటిచెట్ల కంటే ఎత్తున ప్రభ నడుస్తోంది. వెదుళ్లు, రంగు గుడ్డలు, పగలు కూడా వెలుగుతున్న బల్బులు. అది ముందుకీ వెనక్కీ ఒరగకుండా నలువైపులా మోకులు పట్టుకుని మనుషులు. కాలవ వైపు మోకుకి ముందు చెయ్యి తన తండ్రిది. తలకి ఎర్రగుడ్డ, నడుం చుట్టూ ఒక చుట్టు మోకు, రెండు చేతులా పట్టు. మీసం నల్లగా ఉంది. ఆయన చూపు ప్రభ కొన మీదనుంచి కదలడం లేదు. ముందు చెయ్యి ఎంత బిగిస్తే అంత బిగించడం, ఎంత వదిలితే అంత వదలడం వెనకవాళ్ల పని.

తెరలో ఆయన మొహం దగ్గరగా వచ్చింది.

ఈశ్వరయ్య తల తిప్పాడు. సూటిగా కెమెరాలోకి చూశాడు. మొహం మొత్తం నవ్వయింది. గోపిక అలాంటి నవ్వు ఆయన మొహాన ఎప్పుడూ చూడలేదు. కుడిచెయ్యి మోకు మీదనుంచి లేచింది. గాలిలో ఊగింది, ఒకసారి, ఇంకోసారి.

అప్పుడు మోకు జరజరా జారింది. వెనకవాళ్లు ముందుకు బోర్లా పడ్డారు. తెర మీద ఆకాశం, బండి చక్రం, మట్టి. తర్వాత నీలం.

మోయిన్ స్పీకర్ల మోత కట్టేశాడు.

వంశీ ఫోన్ కిందికి దించాడు. అప్పటిదాకా టీవీకి ఎదురుగా పట్టుకున్నాడని గోపిక అప్పుడే చూసింది.

"వంశీ..."

"ఇంకేముందక్కా. ఎవురో తోశారేమో, మోకు తెగిందేమోనని నేనూ అనుకున్నా. కెమెరా కనపడితే చెయ్యి ఊపాడు." అతను ఇబ్బందిగా చొక్కా సవరించుకున్నాడు. "సాక్షిగా రమ్మన్నావు, చూసింది చూసినట్టు కమిటీకి పెట్టాలి గదా. దాచితే నన్ను తిడతారు."

*

బస్సు రావిగుంటపాలెం చేరేలోపే ఆ ముక్క ఊరందరి ఫోన్లలోకి చేరింది. గోపిక దిగేసరికి టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకడు చెయ్యెత్తి ఊపాడు. పక్కవాడు కూడా ఊపాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. అదే ఎక్కువ మండింది.

"తాడొదిలినోడి కూతురు" అని బళ్లో పిలిపించుకున్న పిల్ల ఆమె. ఒక్కసారి నిజం తెలిస్తే చాలనుకుంది. తన చేతులతోనే తీసుకొచ్చి ఊరికి చూపించింది.

ఇంటి పక్క వేపచెట్టు కింద ఈశ్వరయ్య మోకు పేనుతున్నాడు. ఎవరూ చెప్పని పని. జనపనార పాయలు మూడు చెట్టుకి కట్టి, వెనక్కి నడుస్తూ మెలిపెడుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ముడవవు. ఆ రోజు మోకు అరచేతిని కోసుకుపోయినప్పటినుంచి అంతే. ఆ రెండు వేళ్లనీ పైకి చాపి, మిగతా వేళ్లతోనే పాయని తిప్పడం ఆయనకి అలవాటైంది.

"వచ్చావా అమ్మా. కాళ్లు కడుక్కో."

గోపిక తల్లి అంజమ్మ పొయ్యి దగ్గర్నుంచే మొదలుపెట్టింది. "కడుక్కుంటది, కడుక్కుంటది. ఊరికంతా సినిమా చూపించి వచ్చింది గదా. నేను చెప్పలా, మానిపోయిందాన్ని గీకబాకే అని? విన్నదా? ఇప్పుడు చూడు, మీ నాన్న హీరో."

"ఏమే, అరవబాక," అన్నాడు ఈశ్వరయ్య.

గోపిక ఆయన ముందు చతికిలబడింది. "చెయ్యి ఎందుకెత్తావు నాన్నా?"

ఆయన పాయని మరో మెలి తిప్పాడు. "ఎత్తినా."

"అదే, ఎందుకు?"

"కుదురుగా ఉండబుద్ధి కాలా. ఎత్తినా."

"అబద్ధం. ఎవరన్నా పిలిచారా?"

మెలి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ తిరిగింది.

ప్రభ కదిలే ముందు ఏటా ఒక మాట మైకులో చెప్పేవాళ్లు. తాడు పట్టినవాణ్ణి పిలవకూడదు. పిలిస్తే వాడు పలక్కూడదు. కొంపలంటుకున్నా సరే, పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ ఎవరూ కేకెయ్యకూడదు. పలికినవాడిది ఎంత తప్పో పిలిచినవాడిదీ అంతే తప్పు. ఏటేటా ఆ మాట మైకులో చెప్పింది మస్తాన్‌రావే.

"ఎవురూ పిలవలా," అన్నాడు ఈశ్వరయ్య. "చెయ్యి నాది. తప్పు నాది. నువ్వు అన్నం తిను. పొద్దున్నే డ్యూటీ గదా."

ఆయనే లేచి కంచం కడిగి తెచ్చాడు. ముడవని రెండు వేళ్ల మీద కంచం అంచు ఆనించి, అన్నం పెట్టి, గోంగూర పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టాడు. ఊళ్లో జనం ఆయన్ని వెక్కిరిస్తూ చెయ్యి ఊపుతున్న సాయంత్రం, ఆయన కూతురికి ఉల్లిపాయ మర్చిపోలేదు.

*

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ కౌంటరు గోపిక ఉద్యోగం. మర్నాడు ఆమె పక్క కిటికీలో స్వాతి అనే కొత్తమ్మాయి కూర్చుంది.

"పేరు?"

"సీతమ్మ."

"భర్త పేరు?"

ఎదురుగా నిలబడింది ఒక ముసలామె. ముదురు ఆకుపచ్చ చీర, మెడలో లావుపాటి పుస్తెలతాడు. "రాసుకో అమ్మాయ్, ఆ పిల్లకి తెలుసు," అని గోపిక వైపు గడ్డం చూపించింది.

"మీరు చెప్పాలమ్మా."

"చెప్పగూడదు."

"ఎందుకని?"

"ఎందుకేంది? మొగుడి పేరు నోటెంట అంటారా ఎవురన్నా?"

"నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తానండి."

"పిలిస్తే వస్తన్నాడా?"

క్యూలో ఆడవాళ్లు పకపకా నవ్వారు. స్వాతి కూడా నవ్వేసింది. గోపిక నవ్వలేక, పక్కనుంచి కీబోర్డు లాక్కుని ఆ పేరు టైపు చేసింది. బీపీ చూపించుకోవడానికి సీతమ్మ వచ్చిన ప్రతిసారీ గోపిక చేసే పనే అది. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పి లోపలికి రమ్మంటే, చెప్పకుండా వాకిట్లో చాప వేసుకుని కూర్చున్న పెళ్లికూతురని సీతమ్మకి ఊళ్లో పేరు. చివరికి వాళ్లే విసుగొచ్చి లోపలికి తీసుకెళ్లారట.

మస్తాన్‌రావు భార్య ఆమె. క్యాసెట్ ఇచ్చింది కూడా ఆమే. పోయినసారి వచ్చినప్పుడు ఇదే కిటికీ దగ్గర కొంగు ముడిలోంచి తీసి, "ఇది వినవే" అని గోపిక చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

చీటీ తీసుకుని సీతమ్మ కదల్లేదు. వెనకవాళ్లు గొణిగారు.

"విన్నావా?" అంది.

"చూశానత్తా. చూడకుండా ఉన్నా బాగుండేది."

"చూడమని ఎవురు చెప్పారే నీకు?" సీతమ్మ గొంతు తగ్గింది. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి గోపిక మణికట్టు పట్టుకుంది. "నేను వినమన్నా."

"అందులో సౌండు లేదత్తా. పోయిందన్నాడు."

"పోదు," అంది సీతమ్మ. "ఇన్నాళ్లూ నా చెవుల్లోంచే పోలా. దాన్లోంచి యాడికి పోద్ది?"

ఆమె చీటీ కొంగున ముడేసుకుని బీపీ గది వైపు నడిచింది.

*

మధ్యాహ్నం భోజనం మానేసి గోపిక స్టూడియోకి పరిగెత్తింది. మోయిన్ ఒక పెళ్లికొడుకు ఫొటోలో మొటిమలు చెరుపుతున్నాడు.

"ఈ కెమెరాకి చెవుల్లో పెట్టుకునే వైరు కన్నం ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"టీవీ వద్దు. చెవిలో పెట్టి వింటా."

మోయిన్ చేతిలో మౌసు ఆగింది. ఆమెని చూశాడు, కెమెరాని చూశాడు, దానికి వేలాడుతున్న వైరుని చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"నా బుద్ధి తగలెయ్య. ఈ వైరు ఈ కెమెరాది కాదు గదా! కన్నంలో దూరింది, బొమ్మ వచ్చింది, అంతా సరే అనుకున్నా. లోపల ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కలుపుతాడు. టేపులో సౌండు పోలేదమ్మా. వైరు కాడే పోయింది."

ఫోన్‌కి పెట్టుకునే మామూలు ఇయర్‌ఫోన్ తీసి కెమెరాకి గుచ్చాడు. గోపిక కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. కెమెరా పక్కనున్న బొటనవేలంత తెరలో కాలవ కట్ట వచ్చింది.

ముందు డప్పులు. చెవి చిల్లులు పడేంత. జనరేటర్ మోత. "జరుగు, జరుగు" అని ఎవరో. ఒక బూర. తర్వాత కెమెరాకి చాలా దగ్గరగా, దాన్ని పట్టుకున్న మనిషి ఊపిరి. బరువైన మగ ఊపిరి. అప్పుడు మాట.

"పాపా, మీ నాన్న చూడు యాడున్నాడో. పిలువ్. ఇటు చూడమను. చెయ్యి ఊపమను."

ఒక ఆడగొంతు అడ్డం వచ్చింది. "అయ్యో, పిలవగూడదు, తాడు..."

"నువ్వు నోరుమూసుకోవే. ఫొటోలో పడొద్దూ వాడు? పిలువ్ పాపా, గట్టిగా!"

తర్వాత వచ్చిన గొంతుని గోపిక ముందు గుర్తుపట్టలేదు. ఈల లాంటి గొంతు. ఆనందంతో పగిలిపోతున్న పిల్ల గొంతు.

"నాన్నా! నాన్నా! ఇటు చూడు! నాకు చెయ్యూపు నాన్నా!"

చిన్న తెరలో ఈశ్వరయ్య తల తిప్పాడు. మొహం మొత్తం నవ్వయింది.

అది కెమెరాని చూసి నవ్విన నవ్వు కాదు.

మోయిన్ వెనకనుంచి ఏదో అడుగుతున్నాడు. ఆమెకి వినపడలేదు. ఆరేళ్ల గోపిక చెవిలో ఇంకా కేకలు పెడుతూనే ఉంది. "ఊపాడు! మా నాన్న ఊపాడు!" ఆ తర్వాతే అరుపులు.

*

ఆమె కెమెరాని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఈశ్వరయ్య అప్పుడే పొలం పనినుంచి వచ్చి తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. గోపిక ఆయన పక్కనే గట్టు మీద కూర్చుంది.

"పిలిచింది నేనా నాన్నా?"

చెంబు ఆయన చేతిలోంచి జారలేదు. నెమ్మదిగా గట్టు మీద పెట్టాడు. "నీకెవురు చెప్పారు?"

"నేనే విన్నా."

"ఎవురికీ చెప్పబాక," అన్నాడాయన వెంటనే. గొంతులో భయం. "ప్రభ పడేసిన పిల్ల అంటారు. చచ్చిందాకా అంటారు. నన్ను అంటే అన్నారు, నాకేం? నువ్వు ఆరేళ్ల దానివి. నీకేం తెలుసు, తాడేందో ప్రభేందో. అది తప్పేంది? కూతురు పిలిస్తే తండ్రి పలికాడు."

"అందుకని ఇన్నేళ్లూ..."

"చేతులు కడుక్కో. మీ అమ్మ పిలుస్తంది."

"అమ్మకి తెలుసా?"

"తెలవదు. తెలిస్తే ఆగుద్దా దాని నోరు?"

గోపిక ఏడుస్తూనే నవ్వింది. తర్వాత ఇయర్‌ఫోన్ తీసి తండ్రి చెవిలో పెట్టింది. "నాన్నా, నన్ను నువ్వు దాచావు. నాకంటే ముందు ఇంకొకరున్నారు. విను."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మస్తాన్‌రావు గొంతు దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. ఆ సంగతి ఆయనకి కూడా కొత్త. డప్పుల మోతలో, అంత దూరంలో, ఆ రోజు ఆయన చెవికి చేరింది ఒక్క గొంతే. ఇరవై రెండేళ్లు ఆయన నింద మోసింది అది తన కూతురి తప్పనుకుని.

టేపు ఆగింది. గోపిక ఆయన కోపం కోసం ఎదురుచూసింది.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు ఈశ్వరయ్య.

"మస్తాన్‌రావు మావ మాట కాడ్నుంచా?"

"ఆ ముండమోపి మాటలెందుకు. పాప పిలిచే కాడ పెట్టు." ముడవని వేళ్లతో ఇయర్‌ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు. "ఎంత ముద్దుగా పిలిచావే."

చీకటి పడేలోపు ఆయన ఆ ముక్క ఎన్నిసార్లు పెట్టించుకున్నాడో ఆమె లెక్కపెట్టలేదు. అంజమ్మ వచ్చి "తండ్రీకూతుళ్లకి పిచ్చి పట్టిందా" అని నిలబడింది. గోపిక ఆమె చెవిలో కూడా పెట్టింది. అంజమ్మ విన్నది. పైకొంగు నోటికడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

"మీటింగుకి తీసుకుపోబాక," అన్నాడు ఈశ్వరయ్య పడుకోబోయే ముందు. "నీ పేరు బయటికొస్తది."

"రానియ్ నాన్నా," అంది గోపిక.

*

ఆదివారం ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ముందు వరసలో మస్తాన్‌రావు కుర్చీ. డెబ్బైకి దగ్గరపడినా నిటారుగా కూర్చునే మనిషి. వెనక ఆడవాళ్ల వైపు చాపల మీద సీతమ్మ. ఈశ్వరయ్య షామియానా గుంజ పక్కన ఎండలో నిలబడ్డాడు.

మోయిన్ బండి మీద రెండు స్పీకర్లు కట్టుకొచ్చాడు. కెమెరా చెవి కన్నంలోంచి వాటికి వైరు లాగాడు. ఈసారి రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"చూసిందే గదా, మళ్లీ ఎందుకు?" అన్నాడు పుల్లయ్య. మస్తాన్‌రావు కుర్చీ వెనక ఎప్పుడూ నిలబడే మనిషి.

"చూసింది సగమే," అంది గోపిక. "వంశీ, నువ్వు పంపిన దాంట్లో సౌండు లేదు. ఇప్పుడు వినండి. అప్పుడు మా నాన్నని పిలిచింది నేను. ముందే చెప్తన్నా."

గుంజ పక్కన ఈశ్వరయ్య కళ్లు మూసుకున్నాడు. చాపల మీద గుసగుస లేచింది.

మోయిన్ బటన్ నొక్కాడు. డప్పులు షామియానా కింద దద్దరిల్లాయి. జనరేటర్, బూర, ఊపిరి. ఆ మాట. ఆడగొంతు అడ్డం. మళ్లీ ఆ మాట. పిల్ల కేక. "నాకు చెయ్యూపు నాన్నా!"

ముక్క అయిపోయింది. తాడు పట్టినవాణ్ణి పిలవకూడదని ఏటా తమకి మైకులో చెప్పిన గొంతు ఎలా ఉంటుందో అక్కడ నడివయసు దాటిన ప్రతివాడికీ తెలుసు. తెలిసినా అందరి చూపులూ నేల మీదే ఉన్నాయి.

ముందుగా నోరు తెరిచింది పుల్లయ్యే. "డప్పుల్లో ఏం తెలుస్తదయ్యా? ఎవురి గొంతైనా కావచ్చు. ప్రభ పక్కన నడిచిన ఆ ట్రాక్టర్ ట్రక్కులో చానా మంది ఎక్కారు."

మస్తాన్‌రావు కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు. "కెమెరా నాది. మా బామ్మర్ది దుబాయ్ నుంచి తెచ్చాడు. కాసేపు నేను పట్టుకున్నా, కాసేపు ఇంకెవురో పట్టుకున్నారు. ఇన్నేళ్లకి నాకేం గుర్తు?"

"మావా, అది నీ గొంతు," అంది గోపిక.

"నీకప్పుడు ఆరేళ్లు. నీకేం గుర్తే?"

నిజంగానే ఆమెకి ఏమీ గుర్తులేదు. జనం వైపు చూసింది. చెయ్యి ఊపిన టీ బంకువాళ్లు చెప్పుల వైపు చూసుకుంటున్నారు. ఈశ్వరయ్య వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "పోదాం పదమ్మా. నేను విన్నా గదా. చాలు."

వంశీ లేచాడు. "ఆగు ఈశ్వరయ్య మావా. సగం ముక్క ఊరంతా తిప్పింది నేను. అందులో ఇంకో గొంతుంది. పిలవగూడదని చెప్పిన ఆడమనిషి గొంతు. ఎవురిది?"

"నాది," అంది సీతమ్మ.

ఆమె చాప మీదనుంచి మోకాలు పట్టుకుని లేచింది. పక్కనున్న వాళ్లు జరిగి దారి ఇచ్చారు. ఆమె ముందుకొచ్చి మగవాళ్ల వరసకీ ఆడవాళ్ల చాపలకీ మధ్య నిలబడింది.

"పాప నా ఒళ్లోనే కూచుని ఉంది," అంది. "నా మాట వినపడింది గదా మీకు. నన్ను నోరు మూసుకోమన్న మాట గూడా వినపడింది గదా. మూసుకున్నా. ఇప్పటిదాకా."

"నిన్ను నోరు మూసుకోమన్నది ఎవురు పెద్దమ్మా?" అన్నాడు వంశీ.

"ఆయన."

"ఆయనంటే ఊళ్లో అందరూ ఆయనే గదమ్మా," అన్నాడు పుల్లయ్య సగం నవ్వుతూ. "నలుగురి ముందు అనేటప్పుడు పేరుండాలి. పేరు చెప్పు."

అతని నవ్వు అందరికీ అర్థమైంది. ఆమె చెప్పదు. గడప దగ్గర చెప్పలేదు, ఆసుపత్రిలో చెప్పలేదు, పిల్లల బళ్లో చెప్పలేదు. ఆ పేరు ఆమె నోట విన్నవాళ్లు ఆ ఊళ్లో పుట్టలేదు.

సీతమ్మ భర్త వైపు తిరిగింది. మస్తాన్‌రావు ఇప్పుడు నిటారుగా లేడు. వద్దన్నట్టు తల కాస్త కదిలింది. ఆమె చూపులో కోపం లేదు. పొద్దున్నే ఆయనకి మాత్రలూ మంచినీళ్లూ అందించేటప్పుడు చూసినట్టే చూసింది. మెడలో పుస్తెలతాడుని ఒకసారి పట్టుకుంది, వదిలింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని జనం వైపుకి తిరిగింది.

"మస్తాన్‌రావు," అంది సీతమ్మ, అందరికీ వినపడేట్టు.